ఎజ్రా తర్వాతి పేజీ

ఈ వీలునామా రాస్తున్నది నేనే. మా బైండింగు షాపు మేడ మీద, వీధివైపు గదిలో, నా బల్ల దగ్గర కూర్చుని, నా చేత్తో రాస్తున్నాను. నా మతి సరిగ్గానే ఉంది. ఆ మాట నా అంతట నేను రాసుకుంటే సరిపోదని తెలుసు. పత్రికలో కోర్టు విలేకరిగా పనిచేసినన్నాళ్ళూ వీలునామాల గొడవలు వింటూ వచ్చాను. మతి తప్పినవాళ్ళు కూడా ఆ వాక్యాన్ని ముచ్చటగా రాసుకున్నారు. అందుకని డాక్టరుగారి కాగితం జత చేశాను. ఆయన ఇవాళ ఏ వారమని అడిగారు, చెప్పాను. ప్రధానమంత్రి ఎవరని అడిగారు, పేరు చెప్పి నా అభిప్రాయం కూడా చెప్పాను. 'అభిప్రాయం అడగలేదమ్మా' అన్నారు. అంతకంటే రుజువు అక్కర్లేదనుకుంటాను.

ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నానని కూడా రాయాలట. అది అబద్ధం. బలవంతం జరిగింది. చేసింది నా కొడుకు. పాకే వయసులోనే ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారన్నట్టు చూసేవాడు కాబట్టి వాణ్ణి ఇంట్లో పెద్దమనిషి అంటాం. పెద్దమనిషి టైపు చేయించిన ఒక షరతు తెచ్చి, వచ్చినప్పుడల్లా నా టీ గ్లాసు కింద పెట్టి వెళ్తున్నాడు. బలవంతం జరిగింది గానీ పనిచెయ్యలేదు అని రాస్తే చట్టానికి సరిపోతుందని మా లాయరుగారు అన్నారు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత ఆయనదే.

ఆ షరతు ఏమిటంటే, నా మనవరాలు, అంటే వాడి కూతురు, చర్చి సంఘానికి వెలుపలి మనిషిని పెళ్ళి చేసుకుంటే కింద ఉన్న బైండింగు షాపు ఆమెకు రాకూడదు. అమ్మేసి ఆ డబ్బు చర్చికి ఇవ్వాలి. ఇప్పుడు షాపు నడుపుతున్నది ఆ పిల్లే. నోటి వాటాన్ని బట్టి దాన్ని కత్తెర అంటాం. కత్తెర చేసుకోవాలనుకున్నది ఒక లిఫ్టు మెకానిక్‌ని. అతను సంఘం మనిషి కాడు. కత్తెర నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'షాపు పోతే పోనీ నానమ్మా, ఇంకో చోట దబ్బనం పట్టుకుంటాను. నాన్న మాత్రం పెళ్ళికి రావాలి. ఆయన రాకపోతే చేసుకోను.'

కాబట్టి ఈ కాగితం కోసం కొడుకు, కత్తెర, ఆ మెకానిక్ ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ ముందు ఏడో నిబంధనే వెతుకుతారని తెలుసు, షాపు సంగతి అందులోనే ఉంది. కోర్టులో కూడా అంతే, మొదటి పేజీ ఎవరూ చదవరు. లాయరుగారు వరసలోనే చదవాలి.

ఇంకో వాస్తవం ఇక్కడే నమోదు చెయ్యాలి. నేను కూడా ఆ సంఘం మనిషిని కాను. నేను పుట్టిన ఇంట్లో వేరే దేవుడికి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ దేవుణ్ణి నేను పెద్దగా ఇబ్బంది పెట్టింది లేదు. మా ఆయన్ని చేసుకున్నాక చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నానే తప్ప సభ్యత్వం తీసుకోలేదు. నా కొడుకు తెచ్చిన షరతు వాళ్ళ తాతకు, అంటే మా మామగారికి, తోచి ఉంటే, ఇవాళ నా దగ్గర రాసివ్వడానికి ఈ కలం తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒకటో నిబంధన. నన్ను ఎక్కడ పెట్టాలన్న విషయం. మా ఆయన చర్చివాళ్ళ సమాధుల తోటలో, గోడ పక్కన, కుళాయి దగ్గర ఉన్నారు. ఆ పక్కన ఒకరికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. ఆయనే ఉంచమన్నారు. సభ్యులు కానివాళ్ళకు అక్కడ చోటివ్వరాదని కమిటీ నియమం. కమిటీ కార్యదర్శి నా కొడుకే. ఈ చిక్కు చివరి నిబంధనలో విప్పుతాను. అందుకే ఈ వీలునామాను నన్ను ఇంట్లోంచి తీసుకెళ్ళకముందే చదవాలి. ఎక్కడ పాతిపెట్టాలో రాసిన వీలునామాలను పాతిపెట్టాక తెరిచిన కేసులు నేను రెండు చూశాను.

రెండో నిబంధన. మా ఆడపడుచుకు. ఆమె మా పెళ్ళి ఫోటోలో నన్ను కత్తిరించేసి, వాళ్ళన్నయ్యను మాత్రం ఫ్రేము కట్టించుకుంది. అయితే ఫోటోలో నా చెయ్యి ఆయన భుజం మీద ఉంది. దాన్ని కత్తిరిస్తే భుజం పోతుంది. కాబట్టి ఆ చెయ్యి ఇన్నేళ్ళుగా ఆమె ముందుగదిలో వేలాడుతూనే ఉంది. వచ్చినవాళ్ళు ఆ చెయ్యి ఎవరిదని అడిగితే 'ఎవరో ఫోటోలో అడ్డం వచ్చారు' అని చెప్పేదట. ఈ సంగతి నాకు చెప్పింది ఆమే. నాకు ఆపరేషనైనప్పుడు ఆసుపత్రిలో నా మంచం పక్కనే కూర్చుని, కమలాపండు ఒలుస్తూ, 'వదినా, కోపం తెచ్చుకోవద్దు' అని మొదలుపెట్టి చెప్పింది. నవ్వితే కుట్లు ఊడతాయని నర్సు ఇద్దరినీ కేకలేసింది. ఆ పెళ్ళి ఫోటో నా దగ్గర పూర్తిగా ఉంది, ఫ్రేముతో సహా ఆమెకు ఇస్తున్నాను. పాతది తీసెయ్యనక్కర్లేదు. రెండూ పక్కపక్కన తగిలిస్తే చెయ్యి ఎవరిదో చెప్పే పని తప్పుతుంది.

మూడో నిబంధన. మా కోడలికి. వెనక బెంచీ మీద నేను వేసుకు కూర్చునే మెత్త, నా రేడియో, నా రెండు బంగారు గాజులు. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషికి వెనక బెంచీ మెత్త ఎందుకని అనుకోవచ్చు. ప్రసంగం సాగినప్పుడు వెనక్కి వచ్చి నా పక్కన కూర్చునేది, మెత్తలో సగం తనే లాక్కునేది. ఈ వీలునామా సంగతిలో ఆమె నాతో అన్నది ఒక్కటే మాట: 'అత్తయ్యా, మీరు ఏం రాసినా నేను చదవలేదనే చెప్తాను. కానీ మంచిగా రాయండి.'

నాలుగో నిబంధన. లిఫ్టు మెకానిక్‌కు నా టార్చి. కోర్టులో కరెంటు పోయినప్పుడు సాక్షి ముఖం చూడటానికి కొన్నది. లిఫ్టు గోతిలో పనికొస్తుంది. పెళ్ళి జరిగినా జరగకపోయినా టార్చి అతనిదే.

అతని గురించి నాకు తెలిసిన వాస్తవాలు కొన్ని. నా కొడుకు ఉండే అపార్టుమెంటులో ఒకసారి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఉన్నది పెద్దమనిషి ఒక్కడే. మెకానిక్ వచ్చి పైనుంచి తలుపు కొద్దిగా తెరిచి, ముందు ఒక మంచినీళ్ళ సీసా అందించి, ఆ తర్వాత పని మొదలుపెట్టాడు. పని సాగినంతసేపూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. నా కొడుకు ఆ సాయంత్రం ఇక్కడికి వచ్చి, ఇదే గదిలో, నేనూ కోడలూ వింటుండగా అన్నాడు: 'ఏం కుర్రాడమ్మా! ఓపిక, మర్యాద, చేతిలో పని. మన సంఘంలో ఇలాంటివాడు ఒక్కడు కనిపిస్తే కత్తెరనిచ్చి చేసేద్దును.' కత్తెర అప్పటికే అతన్ని కలుస్తున్నదని వాడికి తెలియదు. కోడలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నవ్వింది. ఆ మాట వాడు తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం కాదు కాబట్టి తీసుకోవచ్చు. అన్న సంగతి మాత్రం నమోదు చేస్తున్నాను.

ఐదో నిబంధన. ఇందులో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. నా కొడుకు షరతును ఎందుకు తోసిపుచ్చుతున్నానో కారణాలు రాస్తున్నాను. కారణాలు లేని తీర్పును పైకోర్టు కొట్టేస్తుంది. మా ఇంట్లో పైకోర్టు కోడలు.

తండ్రీ కూతుళ్ళు ఈ విషయం మీద నా భోజనాల బల్ల దగ్గరే వాదించుకున్నారు. చెరొక బైబిలు తెచ్చుకున్నారు. కత్తెర బైబిలుకు అట్ట నిండా మైదా పేస్టు మరకలే. నాకు బైబిలు భక్తి వల్ల తెలియదు, ఆ ఇంట్లో ఉండటం వల్ల తెలుసు. రెండు పక్షాలూ విన్నాను.

ముందు పెద్దమనిషి పక్షం. మీ పిల్లల్ని పరాయివాళ్ళకు ఇవ్వొద్దు, వాళ్ళ పిల్లల్ని తెచ్చుకోవద్దు అని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. సొలొమోను అంతటి తెలివైనవాడి మనసును పరదేశపు భార్యలు తిప్పేశారు. పరాయి దేశపు చెర నుంచి తిరిగొచ్చాక, జనం పరాయి స్త్రీలను చేసుకున్నారని విని, ధర్మశాస్త్రం బోధించే ఎజ్రా బట్టలు చింపుకున్నాడు. ఆ భార్యలను, వాళ్ళకు పుట్టిన పిల్లలను పంపించెయ్యాలని తీర్మానం చేశారు. నెహెమ్యా కూడా ఆ తప్పు మీద మండిపడ్డాడు. అవిశ్వాసులతో ఒకే కాడి కిందికి వెళ్ళొద్దని పౌలు రాశాడు. ఇవన్నీ ఉన్నవే, కల్పించినవి కావు.

తర్వాత కత్తెర పక్షం. మోషే స్వయంగా పరాయి దేశపు పిల్లను చేసుకున్నాడు. కూషు దేశపు భార్య గురించి సణిగిన అక్కకు కుష్టు వచ్చింది గానీ, చేసుకున్నవాడికి ఏమీ కాలేదు. యోసేపు ఐగుప్తులో వేరే దేవుడి పూజారి కూతుర్ని చేసుకున్నాడు, ఎవరూ కిమ్మనలేదు. మోయాబువాళ్ళు పది తరాల దాకా సమాజంలోకి రాకూడదని ఒక చోట ఉంటే, మోయాబు పిల్ల రూతు మునిమనవడు రాజయ్యాడని ఇంకో చోట ఉంది. విశ్వాసం లేని భార్య కాపురం చెయ్యడానికి ఇష్టపడితే ఆమెను వదలొద్దు, ఆమె భర్త వల్ల పవిత్రురాలే, పిల్లలూ పవిత్రులే అని అదే పౌలు రాశాడు. ఇవీ ఉన్నవే.

కొన్ని చోట్ల వాదన బాగా సాగింది. సొలొమోను పేరు రాగానే కత్తెర అంది: 'ఆయన ఇబ్బంది పరాయి భార్యలు కాదు నాన్నా, అంతమంది భార్యలు. నేను అడుగుతున్నది ఒక్కణ్ణే.' ఎజ్రా తన జుట్టు తనే పీక్కున్నాడు, నెహెమ్యా ఎదుటివాళ్ళ జుట్టు పీకాడు, 'నువ్వు ఎవరి జుట్టు పీకుతావో ముందే చెప్పు, అతను టోపీ పెట్టుకుని వస్తాడు' అని కూడా అంది. పెద్దమనిషి నవ్వలేదు. కానీ చెయ్యి తన జుట్టు మీదికి వెళ్ళింది. అక్కడ పీకడానికి పెద్దగా ఏమీ లేదు.

వాడు గెలిచిన చోట కూడా రాయాలి. రూతు మాట వచ్చినప్పుడు అన్నాడు: 'రూతు వచ్చేటప్పుడే మీ దేవుడే నా దేవుడు అంది. మారి వచ్చింది. అమ్మ మారలేదుగా.' నిజమే. ఆ పాయింటు వాడిదే. పెద్దమనిషీ, ఒక్క మాట మాత్రం గుర్తు చేస్తాను. నా విషయంలో వర్తించేది పౌలు మాట. నేను కాపురం చెయ్యడానికి ఇష్టపడ్డాను, మా ఆయన నన్ను వదల్లేదు, నువ్వు పుట్టావు, ఆ వాక్యం ప్రకారం పవిత్రుడివయ్యావు. కమిటీలో నీ కుర్చీ నిలబడింది ఆ వాక్యం మీదే. దాన్ని లాగేటప్పుడు కాస్త చూసుకో.

ఇక నా పరిశీలన. ఎజ్రా భయం ఉత్తుత్తి భయం కాదు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమంది. చుట్టూ కలిసిపోతే తాము మిగలమని అనుకున్నారు. పిల్లలు తండ్రుల భాష మాట్లాడలేకపోతున్నారని నెహెమ్యా చూశాడు. నా కొడుకు భయం కూడా అదే. రేపు కత్తెర పిల్లలు వాళ్ళమ్మమ్మ పాడే పాటలు పాడతారా అని. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను.

కానీ విలేకరిగా ఒకటి చెప్పగలను. ఎజ్రా గ్రంథం చివర, భార్యలను పంపేస్తామన్న మగవాళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. వద్దని అడ్డుపడ్డ ఒకరిద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ భార్యల్లో ఒక్కరి పేరు లేదు, ఒక్కరి మాట లేదు. ఆ వార్త నేను అలా రాసిస్తే మా ఎడిటరు నా ముఖాన కొట్టేవాడు, రెండో పక్షం ఏదమ్మా అని. రూతు కథ దగ్గరికొస్తే అందరూ మాట్లాడతారు. అత్త, కోడలు, పొలం యజమాని, ఊళ్ళో ఆడవాళ్ళు, అందరూ. బైబిలు కూర్చినవాళ్ళకు ఈ రెండు మాటలూ పొసగవని తెలియకుండా ఉండదు. ఒకటి తీసేస్తే హాయిగా ఉండేది. తియ్యలేదు. రెండింటినీ ఒకే అట్ట కింద కుట్టారు. అందులోంచి ఒక్క పేజీల కట్ట ఊడదీసి నా వీలునామాకు అతికించడం నాకు ఇష్టం లేదు. షరతును తోసిపుచ్చుతున్నాను.

ఆరో నిబంధన. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, డాబా నా కొడుక్కీ కోడలికీ కలిపి. వీధిలోంచి మేడ మీదికి వచ్చే మెట్లు షాపు లోపలి నుంచే ఉన్నాయి. ఆ మెట్లు మేడవాళ్ళవీ షాపువాళ్ళవీ ఉమ్మడిగా. బయటినుంచి వేరే మెట్లు కట్టకూడదు. ఒకరి మీద ఒకరు అలిగినా రోజూ ఎదురుపడాలనే ఈ ఏర్పాటు. గోడలు పెట్టుకుని విడిపోయిన కుటుంబాల కేసులు చాలా రాశాను. మెట్లు ఉమ్మడిగా ఉన్న కుటుంబాల కేసు ఒక్కటీ కోర్టు దాకా రాలేదు.

ఏడో నిబంధన. బైండింగు షాపు, అందులోని ప్రెస్సు, కటింగు మిషను, కుట్టు చట్రాలు, బంగారు అక్షరాల పెట్టె, తోలు, దారం, పేస్టు కాచే గిన్నెతో సహా, నా మనవరాలు కత్తెరకు. ఈ షాపు మా మామగారి వీలునామా ద్వారా మా ఆయనకూ నాకూ కలిపి వచ్చింది. ఆ వీలునామా చదివిన రోజు నేను షరతు కోసం వెతికాను. సంఘంలో చేరితేనే అనో, పిల్లల్ని ఫలానా విధంగా పెంచితేనే అనో ఉంటుందని మూడుసార్లు చదివాను. లేదు. షరతు లేకుండా వచ్చింది, షరతు లేకుండానే ఇస్తున్నాను. కత్తెర లిఫ్టు మెకానిక్‌ను చేసుకున్నా, ఇంకొకరిని చేసుకున్నా, ఎవరినీ చేసుకోకపోయినా షాపు ఆమెదే.

కానీ కత్తెర అడిగింది షాపు కాదు, తండ్రి పెళ్ళికి రావడం. దాన్ని వీలునామాలో రాసివ్వడం ఏ చట్టం ప్రకారమూ కుదరదు. కుదిరినంత ఇది.

ఎనిమిదో నిబంధన. చర్చి ప్రసంగ వేదిక మీద ఉండే పాత పెద్ద బైబిలు, కొత్తది కొన్నాక మా షాపుకే తిరిగొచ్చింది. దాన్ని నా కొడుక్కి ఇస్తున్నాను. దాంతోపాటు మా మామగారి దారం కోసే కత్తి, ఒక ఉండ దారం కూడా. ఎందుకో రాయాలి. ఇంట్లో అందరికీ ఈ కథ తెలుసు. తెలిసిన కథలో ఒక తప్పుంది.

మా పెళ్ళి మాట బయటపడినప్పుడు మామగారు ఒప్పుకోలేదు. ఆయన సంఘ పెద్ద. నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, వచ్చే ఆదివారం ఎజ్రా చదివి మా వాడి కళ్ళు తెరిపించండి అని అడిగారు. మా ఆయనతో 'ఆ అమ్మాయి సంగతి తేలేదాకా షాపులో అడుగు పెట్టకు' అన్నారు. మా ఆయన పత్రికాఫీసు పక్క లాడ్జిలో గది తీసుకున్నారు. ఆ వారమే వేదిక మీది బైబిలు వెన్ను విరిగి బైండింగుకు షాపుకొచ్చింది.

బైండర్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మడిచిన పదహారు పేజీల కట్టను ఫారం అంటారు. ఫారాలు వరసలో ఉన్నాయో లేదో చూడటానికి పుస్తకమంతా చదవరు. ఒక ఫారం చివరి లైను, దాని తర్వాతి ఫారం మొదటి లైను చదువుతారు. అతికితే సరే. మా షాపులో ఈ పని మామగారూ అత్తయ్యా ఎదురెదురుగా కూర్చుని చేసేవారు. ఆయన చివరి లైను చదివితే ఆమె మొదటి లైను చదివేది. పేజీలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో వాళ్ళిద్దరికీ కంఠతా వచ్చు. కుట్టడం అత్తయ్య పని, అట్టలు మామగారి పని. ఫారం తప్పుచోట పడిన పుస్తకం అప్పటిదాకా ఆ షాపులోంచి బయటికి రాలేదు.

ఆదివారం నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నా మీద వచ్చే వార్త నేనే కవర్ చెయ్యాలని వెళ్ళాను. మా ఆయన నా పక్కన. పాస్టరుగారు మంచి గొంతుతో ఎజ్రా చదువుతూ, పరాయి భార్యలను పంపివెయ్యాలని జనం ఒప్పందం చేసుకునే చోటికి వచ్చి, అదే ఊపులో పేజీ తిప్పారు. తిప్పిన పేజీ మొదటి లైనులో రూతు మాట్లాడుతున్నది. నన్ను విడిచి పొమ్మని అడగొద్దు, నువ్వు వెళ్ళే చోటికే నేనూ వస్తాను అంటున్నది. అది రూతు మొగుడితో అన్న మాట కాదు, అత్తతో అన్నది. పాస్టరుగారు రెండు లైన్లు చదివేశాక గానీ ఆగలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ 'ఆమేన్' అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పుస్తకాన్ని ఒకసారి, మా ఇద్దరినీ ఒకసారి చూసి, 'ఇవాళ్టికి మనకు వచ్చిన వాక్యం ఇదేనేమో' అని పుస్తకం మూసేశారు.

మామగారు లేచి నిలబడ్డారు. 'కుట్టులో తప్పు జరిగింది. ఆ తప్పు నాదే' అన్నారు. భార్య తప్పును తన మీద వేసుకున్నాడని అందరూ మెచ్చుకున్నారు. బయటికి వచ్చాక మా ఆయనతో 'రేపు పొద్దున్నే షాపుకి రా. పని పేరుకుపోయింది' అన్నారు. పెళ్ళికి ఆయన చెప్పిన ఒప్పుకోలు అదొక్కటే. నా ముందు మాత్రం ఆ ఆదివారం గురించి ఎప్పుడూ నోరెత్తలేదు. విప్పి మళ్ళీ కుట్టమని కమిటీ అడిగితే, మడతలు నలిగిపోయాయి, ఇంకోసారి సూది దూరిస్తే కాగితం చిరుగుతుందన్నారు. ఆ తర్వాత వచ్చిన పాస్టర్లందరూ ఆ చోట ఒక చీటీ పెట్టుకుని దాటుతూ వచ్చారు.

ఇది అత్తయ్య చేసిన పనేనని ఇంట్లో అందరం నమ్మాం. అడిగినప్పుడల్లా 'నేను కాదే తల్లీ' అనేది. ఆ మాటనేటప్పుడు నవ్వేది కాబట్టి మేం నమ్మలేదు.

పోయిన ఏడాది కత్తెర ఆ బైబిలు వెన్ను విప్పింది, తోలు పొడిబారిందని. నన్ను కిందికి పిలిచి చూపించింది. పుస్తకమంతా ఒకే దారంతో సాగిన కుట్టు. రూతు ఉండాల్సిన చోట, ఎజ్రా చోట, ఈ రెండు చోట్ల మాత్రం దారం కోసి మళ్ళీ ముడివేసి ఉంది. అంటే మొదట సరిగ్గానే కుట్టారు. తర్వాత ఎవరో విప్పి, ఆ ఫారం తీసి, ఇక్కడ పెట్టారు. అత్తయ్యది ఎడమచేతి వాటం. ఆమె ముళ్ళన్నీ ఎడమకు వాలి ఉంటాయి. మిగతా పుస్తకమంతా అలాగే ఉంది. ఆ రెండు చోట్ల ముళ్ళు కుడికి వాలి ఉన్నాయి. అప్పట్లో షాపులో దారం పట్టేవాళ్ళు ముగ్గురు. మా ఆయనకు ఆ వారం షాపులోకి ప్రవేశం లేదు.

ఎవరు కోశారో నేను చూడలేదు. చూడనిది రాయను. ముళ్ళు కుడికి వాలి ఉన్నాయి, అంతవరకే రాస్తున్నాను. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ఎజ్రా చదవమని అడిగిన మనిషి, ఆ మాట వెనక్కి తీసుకోవడం నోటితో చాతకాని మనిషి, తప్పు నాదే అని నిండు చర్చిలో నిలబడి చెప్పిన మనిషి, షరతు లేని వీలునామా రాసిన మనిషి ఒకరే. లెక్క మీరే చూసుకోండి. అత్తయ్యకు మాత్రం ఈ నిబంధన ద్వారా నా క్షమాపణ. ఆమె ఇన్నేళ్ళూ నిజమే చెప్పింది.

పెద్దమనిషీ, ఇక మిగిలింది నీకు. ఎజ్రాను దాటెయ్యమని నేను చెప్పను. లాయరుగారు ఈ కాగితం చదివాక, నన్ను కిందికి దించకముందు, ఆ పుస్తకం తెరిచి ఎజ్రాలో ఆ ఒప్పందం ఉన్న పేజీ గట్టిగా చదువు. నీ గొంతు బాగుంటుంది, మీ తాతగారి గొంతే. చదివి, పేజీ తిప్పు. మొదటి రెండు లైన్ల దగ్గర ఆగకు. పాస్టరుగారు అక్కడే ఆగిపోయారు. ఇంకొంచెం చదివితే ఆ కోడలు రూతు, నువ్వు చనిపోయే చోటే నేనూ చనిపోతాను, అక్కడే నన్ను పాతిపెడతారు అంటుంది. అక్కడ ఆగు. ఆగి, కమిటీ కార్యదర్శిగా నీకేం తోస్తే అది చెయ్యి. కుళాయి దగ్గర చోటు ఖాళీగానే ఉంది. ఆ ఫారం మళ్ళీ అసలు చోట కుట్టాలనిపిస్తే అదీ నీ ఇష్టం. కత్తీ దారమూ నీ దగ్గరే ఉంటాయి. నువ్వు కుడిచేతివాడివే.

ఇదంతా నేను పోయాకే జరగాలని నాకేం పట్టుదల లేదు. నేనుండగానే నువ్వు ఆ పేజీని కత్తెర పెళ్ళిలో నిలబడి చదివితే, ఈ నిబంధనలో సగం రద్దయినట్టే. వెనక బెంచీలో కూర్చుని వింటాను. మెత్త కోడలికి రాసిచ్చేశాను గానీ, ఆ ఒక్క రోజుకి సగం నాకిస్తుంది.

తేదీ: జూన్ పద్నాలుగు, గురువారం. సంవత్సరం స్టాంపు కాగితం మీద ఉంది.

సంతకం: పై ఎనిమిది నిబంధనలూ నా చేత్తో రాసి, ఒకసారి చదువుకుని, ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం చేసినదాన్ని.

సాక్షులు:

ఇప్పటి పాస్టరుగారు. ఆయనకు ఇందులో ఏమీ ఇవ్వలేదు, అందువల్లే సాక్షి కాగలిగారు.

ఎదురు షాపులో తాళాలు బాగుచేసే ఆయన. ఈ చోట లిఫ్టు మెకానిక్ సంతకం పెట్టించాలనుకున్నాను. టార్చి ఇస్తున్నాను కాబట్టి కుదరలేదు.